కర్మాగారముల చెంత కాపురములు

నిప్పును ఇంట నుంచుకొని దానితో సుఖముగా బ్రతుకుట మన స్త్రీలకు తరతరముల విద్య. పొయ్యి ఆర్పి, అగ్గిపెట్టె పిల్లల కందకుండ గూటిలో పెట్టి, గ్యాసుబండ మర త్రిప్పియున్నదో లేదో మఱియొకమారు చూచుకొనిన పిదపగాని గృహిణి పండుకొనదు. ఈ జాగ్రత్త యామెకు ఏ చట్టమును నేర్పలేదు. ఏ యధికారియు వచ్చి తనిఖీ చేయుట లేదు. తన బిడ్డలే ఆ ప్రక్కగదిలో నిద్రించుచుందురు గనుక ఆమె మఱవదు. లాభ మొకరిది, అపాయము వేఱొకరిది యైనచోట ఈ జాగ్రత్త యెవరు వహింతురు? ప్రభుత్వము వహించునని మనము నమ్ముచున్నాము. ఆ నమ్మక మెంతవఱకు నిజమైనదో, మన యాంధ్రదేశముననే జరిగిన యొక ఘోరమును ముందిడుకొని యోచింపదలచితిమి.

2020వ సంవత్సరము మే నెల 7వ తేదీ తెల్లవారుజామున, సుమారు మూడు గంటల వేళ, విశాఖపట్టణమున గోపాలపట్నము చెంతనున్న ఆర్. ఆర్. వెంకటాపురమున జనులు గాఢనిద్రలో నుండిరి. వేసవి గనుక కొందరు కిటికీలు తెఱచి పండుకొనిరి. ఊరి ప్రక్కనే యున్న ఎల్‌.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి తెల్లని యావిరి మంచువలె వీధులలోనికి దిగెను. కండ్లు మండి, ఊపిరి యాడక లేచినవారు బిడ్డల నెత్తుకొని చీకటిలో పరుగెత్తిరి. కొందరు వీధులలోనే స్పృహదప్పి పడిపోయిరి. త్రోవ కానరాక పడి ప్రాణములు గోల్పోయినవారును గలరు. కట్టుకొయ్యలకున్న పశువులు కట్టుకొయ్యల చెంతనే చచ్చెను. చెట్ల యాకులు మాడి రంగు మాఱెను. వందలకొలది జనులను కింగ్ జార్జి ఆసుపత్రికిని ఇతర వైద్యశాలలకును చేర్చిరి. పండ్రెండుమంది మరణించిరి. అందు పసిపిల్లలును ఉండిరి.

ఆ యావిరి పేరు స్టైరీను. పేరు క్రొత్తగా తోచినను వస్తువు మన యిండ్లకు పాతదే. పిల్లల బొమ్మలు, పెట్టెలలో సామాను పగులకుండ నింపు తెల్లని థర్మకోలు, ఫ్రిజ్జి లోపలి తెల్లని పలకలు మొదలగునవి పెక్కులు ఈ ద్రవమునుండి చేయు ప్లాస్టిక్కుతోనే తయారగుచున్నవి. దీనికొక చెడ్డ స్వభావము గలదు. చల్లగా నుంచకున్నచో దీని యణువులు ఒకదానితో నొకటి యల్లుకొని గట్టిపడ నారంభించును. అట్లల్లుకొనునప్పుడు వేడి పుట్టును. ఆ వేడి యల్లికను మఱింత త్వరపెట్టును. ఆ త్వర మరల వేడిని పెంచును. తడి యారని గడ్డిని వామివేసినచో లోలోపల వేడెక్కి ఒక్కొక్కప్పుడు పొగ లేచుట పల్లెటూరి సోదరీమణు లెఱిగినదే. ఇదియు నించుమించుగా నట్టిదే. అందుచేత స్టైరీనును ఎల్లప్పుడు సుమారు 20 డిగ్రీలకు మించనీయక చల్లగా నుంచవలెను. అల్లికను నిలుపు టి.బి.సి. అను మందును తగిన పాళ్లలో కలుపుచుండవలెను. ఇందు గొప్ప శాస్త్రరహస్య మేమియు లేదు. పెరుగు పులియకుండ చూచుకొనునంతటి శ్రద్ధయు, రేయింబవళ్లు మెలకువయు చాలును.

ఆ యేడు మార్చి నెలాఖరున దేశమంతట రాకపోకలు నిలిపివేయబడగా ఈ కర్మాగారమును మూతబడెను. యంత్రము లాగెను గాని తొట్టిలోని ద్రవ మాగదు గదా! సుమారు 1,800 టన్నుల స్టైరీను ఒక పాత తొట్టిలో నిలువయుండెను. పిదప రాష్ట్రప్రభుత్వము నీరభ్ కుమార్ ప్రసాద్ గారి యధ్యక్షతను నియమించిన ఉన్నతాధికార సంఘము 2020 జూలైలో తన నివేదిక నొసగెను. అందలి సంగతులు చదువుచుండ మాకు దుఃఖముకంటె నాశ్చర్యమే యెక్కువయ్యెను. తొట్టిలోని వేడిని కొలుచు సాధనము అడుగుభాగముననే యుండెను. పైభాగమున ద్రవ మెంత మరుగుచున్నదో తెలుపునది లేదు. చల్లబఱచు యంత్రమును సాయంకాలము ఆపివేయుట వాడుకయై యుండెను. అల్లికను నిలుపు మందు కర్మాగారమున నిలువ లేదు. అంతకు ముందటి డిసెంబరులో గొట్టముల యమరిక మార్చుటచే లోపలి ద్రవము చక్కగా కలియుటయు తప్పెను. తుదకు వేడి 150 డిగ్రీలు దాటి, తొట్టి పైనుండి యావిరి వెలువడెను. అన్నిటికంటె ఘోరమైనది వేఱొకటి గలదు. అపాయమును చాటు సైరనును మ్రోగించుటకు కర్మాగారమున 36 చోట్ల ఏర్పాటు లుండెను. వాకిటి చెంతనే యొకటి యుండెను. ఒక్కటియు మ్రోగలేదు.

ఇక్కడ చదువరులు క్షణ మాగి యొక విషయము గమనింపవలెను. ఈ సంఘము కనుగొనినవానిలో మే నెల 7వ తేదీకి ముందు కనుగొనరాని దేది? మందు నిలువ లేదని తెలిసికొనుటకు కొట్టుగది తలుపు తెఱచిన చాలును. చల్లబఱచు యంత్రము రాత్రివేళ నడచుటలేదని తెలిసికొనుటకు ఒక యధికారి యొకనాడు దీపములు పెట్టిన పిదప వెళ్లి నిలుచుండిన చాలును. కొలుచు సాధనము అడుగున మాత్రమే యున్నదని తెలిసికొనుటకు తొట్టి చుట్టు నొకమారు తిరిగిన చాలును. పండ్రెండు ప్రాణములు పోయిన తరువాత రెండు నెలలలో బయటపడిన నిజములు, అంతకు ముందు ఏండ్ల తరబడి ప్రభుత్వపు కంట పడలేదు. కంట పడకుండుటకు అవి దాగియుండలేదు. చూచువారు లేరు, అంతియే.

అనుమతుల కథ ఇంతకంటె విచిత్రమైనది. కేంద్రప్రభుత్వపు పర్యావరణానుమతి తమకు లేదని 2019 మే నెలలో ఆ కంపెనీయే ప్రమాణపత్రమున వ్రాసి యిచ్చెను. అయినను రాష్ట్రపు కాలుష్య నియంత్రణ మండలి యనుమతులతో కర్మాగారము నడచుచునే యుండెను. మన యింటికి చిన్న వసారా దించుకొనవలెనన్నను పురపాలక కచ్చేరి చుట్టు ఎన్నిమారులు తిరుగవలెనో అందఱు నెఱుగుదురు. ఈ లెక్కయేమో మాకు బోధపడలేదు.

1961లో హిందుస్థాన్ పాలిమర్స్ అను పేర ఈ కర్మాగారము పుట్టినపుడు చుట్టుప్రక్కల జనము పలుచగా నుండెను. ఊరే దానిని సమీపించినది గాని అది యూరిని సమీపింపలేదు, అని కొందఱు వాదింతురు. నిజమే కావచ్చును. కాని ఊరు తనంతట నడచిరాదు. ఇంటి పట్టాలకును, కట్టడములకును, రోడ్లకును, కుళాయిలకును అనుమతులిచ్చినది ప్రభుత్వమే. ఒక చేత విషపు తొట్టికి, మఱియొక చేత దాని ప్రక్క కాపురములకు సెలవిచ్చి, ఆ రెండు చేతులును ఒకదాని నొకటి యెఱుగనట్లుండుట ఏమి పరిపాలనము?

ఈ తీరు విశాఖతోనే మొదలుకాలేదు. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలున యూనియన్ కార్బైడు కర్మాగారమునుండి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేటు అను విషవాయువు నగరముపై బడెను. మధ్యప్రదేశ ప్రభుత్వపు లెక్క చొప్పుననే 3,787 మంది మరణించిరి. ఆ లెక్క చాల తక్కువయని బాధితులు నేటికిని వాదించుచున్నారు. అక్కడను చల్లబఱచు యంత్రమును నెలల క్రిందటనే ఆపివేసియుండిరి. వెలువడు వాయువును కాల్చివేయవలసిన గొట్టము పనిచేయుట లేదు. ఊరిని హెచ్చరింపవలసిన సైరను సకాలమున మ్రోగలేదు. ఆసుపత్రులకు పరుగెత్తివచ్చిన వేలమందికి ఏ విషమునకు ఏ మందీయవలెనో వైద్యులకు చెప్పినవారు లేరు. 35 ఏండ్లకు పైబడిన యెడముతో జరిగిన ఈ రెండు రాత్రులను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు: శీతలయంత్రము, సైరను. రెండుచోట్లను ఆగిన వవియే.

భోపాలు విషయమున ముందుగా చెప్పినవారు లేకపోలేదు. 1981లో ఆ కర్మాగారమున విషవాయువు సోకి ఒక కార్మికుడు మరణించెను. మఱుసటి యేడు రాజ్‌కుమార్ కేస్వానీ అను యువపత్రికాకర్త తన చిన్న హిందీ వారపత్రికలో నగరమునకు రాబోవు అపాయమును గూర్చి మరల మరల వ్రాసెను. శాసనసభలోను ప్రశ్న లేచెను. అపాయమేమియు లేదని ప్రభుత్వము సమాధానము చెప్పెను. ఆ సమాధానము చెప్పుటకు ముందు ఎవరేని వెళ్లి ఆ తొట్లను చూచిరా యన్నదే మా సందేహము.

ఆ నగరపు స్త్రీలను గూర్చి ఒక మాట చెప్పక ముందునకు పోజాలము. రశీదా బీ, చంపాదేవి శుక్లా అను నిరువురు, ఒకరు ముసల్మాను కుటుంబపు స్త్రీ, ఒకరు హిందూ కుటుంబపు స్త్రీ, ఇరువురును ఆ విషమున తమవారిని గోల్పోయినవారు, కూలిపనిచేసి బ్రతుకుచుండి, తోడి స్త్రీలను కూడగట్టి ఏండ్ల తరబడి పోరాడిరి. 2004లో వారికి గోల్డ్‌మన్ పర్యావరణ బహుమానము లభించెను. ఆ ద్రవ్యముతో వారు తమ యప్పులు తీర్చుకొనలేదు. విషప్రభావమున అంగవైకల్యముతో పుట్టిన పిల్లలకు చికిత్స చేయుటకు చింగారీ అను ధర్మసంస్థను నెలకొల్పిరి. పెద్ద పెద్ద కచ్చేరీలు మఱచిన సంగతిని గుర్తుంచుకొనినవారు ఈ యిద్దఱు ఇల్లాండ్రు.

భోపాలు పిదప మన దేశమున చట్టములు లేవన వీలులేదు. 1986లో పర్యావరణ రక్షణ చట్టము వచ్చెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమునకు 1987లో అపాయకర పరిశ్రమలను గూర్చి ప్రత్యేకముగ నొక ప్రకరణము చేర్చిరి. కర్మాగారమున నున్న అపాయములను పనివారికేగాక చుట్టుప్రక్కల ప్రజలకును తెలుపవలెనని అందు విధించిరి. 1989లో అపాయకర రసాయనములను గూర్చిన నిబంధనలు వచ్చెను. 1991లో ప్రజాబాధ్యతా బీమా చట్టమును, 1996లో రసాయనిక ప్రమాదముల నెదుర్కొను ఏర్పాట్లను గూర్చిన నిబంధనలును వెలువడెను. ఢిల్లీలో 1985లో జరిగిన యొక ఆమ్లవాయువు ప్రమాదమును పురస్కరించుకొని, అపాయకరమగు వ్యాపారము చేయువాడు తన తప్పున్నను లేకున్నను నష్టమునకు పూర్తి బాధ్యుడని సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. చట్టముల విషయమున మన బీరువా నిండియే యున్నది.

మఱి లోటెక్కడ? మాకు తోచినంతవఱకు లోటు చట్టమున లేదు, చూపున నున్నది. తనిఖీ చేయవలసిన యుద్యోగములు పెక్కు ఖాళీగా నుండును. ఉన్న యొక్క యధికారికి లెక్కకు మిక్కిలి కర్మాగారములు పంచబడును. రసాయనశాస్త్రము చక్కగా నెఱిగిన వానికి కంపెనీలలో దొరకు జీతము కచ్చేరీలో దొరకదు. కొంతకాలముగా పరిశ్రమల కడ్డంకులు తొలగించుట యను పేరుతో, యజమానులే తాము నియమములు పాటించుచున్నామని వ్రాసి యిచ్చిన కాగితమును నమ్ము పద్ధతియు ప్రబలినది. మా బడిలో పరీక్ష వ్రాసిన పిల్లవాడు తన మార్కులు తానే వేసికొని తెచ్చిన తల్లి యంగీకరించునా? ఇంకొక చిక్కును గలదు. పరిశ్రమను పిలిచి పీటవేయునదియు ప్రభుత్వమే, దాని తప్పులు పట్టవలసినదియు ప్రభుత్వమే. పిలిచిన చుట్టమును గద్దించుట యెంత కష్టమో మన మెఱుగనిది కాదు.

విశాఖ ప్రమాదము జరిగిన మఱునాడే జాతీయ హరిత న్యాయస్థానము కంపెనీని 50 కోట్ల రూపాయలు జమచేయుమని యాజ్ఞాపించెను. మృతుల కుటుంబములకు రాష్ట్రప్రభుత్వము కోటి రూపాయల చొప్పున నిచ్చెను. మిగిలిన స్టైరీనును, సుమారు 13,000 టన్నులు, ఓడలలో కొరియాదేశమునకు పంపివేసిరి. జూలైలో కంపెనీ ముఖ్యాధికారియు ఇతరులును నిర్బంధింపబడిరి. కొందఱు ప్రభుత్వోద్యోగులు పనినుండి తాత్కాలికముగ తొలగింపబడిరి. ఇవి యన్నియు త్వరితముగనే జరిగెను, అంగీకరింపవలసినదే. అయినను బిడ్డను గోల్పోయిన తల్లికి కోటి రూపాయల చీటీ నందిచ్చుటకు చూపిన వేగములో నాలుగవవంతు, ఏప్రిలు నెలలో ఆ తొట్టి నొకమారు చూచివచ్చుటకు చూపియుండిన ఆ చీటీ వ్రాయవలసిన పనియే యుండకపోవును.

ఆ పిమ్మట నైనను ఈ వైపున కన్ను పడినదా? 2024 ఆగస్టు 21వ తేదీన అనకాపల్లి జిల్లా అచ్యుతాపురమున ఒక మందుల కర్మాగారమున, మధ్యాహ్న భోజనముల వేళ, వెలువడిన ద్రావకపు టావిరి యంటుకొని 17 మంది చనిపోయిరి. 2025 ఏప్రిలు 13న అదే జిల్లా కైలాసపట్నమున బాణసంచా తయారుచేయుచోట ప్రేలుడు సంభవించి ఎనిమిదిమంది మడిసిరి. అదే యేడు జూను 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారమున సిగాచీ పరిశ్రమలో జరిగిన ప్రేలుడున ఏబదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. అందు పెక్కుమంది బీహారు, ఒడిశా మొదలగు దూరదేశములనుండి పొట్టకూటికై వచ్చినవారు. కొందఱి దేహములు ఆనవాలు పట్టుటకైనను దొరకలేదు. గేటు వెలుపల రోజుల తరబడి కూర్చుండి, లోపలినుండి ఏ వార్తయు రాక, రక్తపరీక్షల ఫలితముకొఱకు ఎదురుచూచిన భార్యలను, తల్లులను తలచుకొనిన మనస్సు కలగును.

2025 నవంబరు 21నుండి పాత ఫ్యాక్టరీల చట్టము స్థానమున వృత్తిరక్షణ, ఆరోగ్యములను గూర్చిన క్రొత్త కోడు అమలులోనికి వచ్చినది. దీనిని గూర్చి స్త్రీలు తెలిసికొనదగిన సంగతులు కొన్ని గలవు. విద్యుచ్ఛక్తి వాడుచోట పదిమంది పనివారున్న ఫ్యాక్టరీగా నెంచు పూర్వపు లెక్క మాఱి ఇరువదిమంది యైనది. విద్యుచ్ఛక్తి లేనిచోట ఇరువది, నలుబది యైనది. అపాయకరమగు పని జరుగుచోట ఒక్కడే పనివాడున్నను కోడును వర్తింపజేయు అధికారము ప్రభుత్వమునకు గలదు. వర్తింపజేయుట యన్నది దాని యిష్టము. ఇన్‌స్పెక్టరు పేరు మాఱి తనిఖీతోపాటు సహాయము కూడ చేయువాడైనాడు. ఎవరు ఏ కర్మాగారమునకు పోవలెనో కంప్యూటరు చీట్లు తీసినట్లు నిర్ణయించు పద్ధతికిని చోటు కలిగినది. లంచములను తగ్గించుట కిది మేలే కావచ్చును. కాని ఫలానా తొట్టి ప్రమాదముగా నున్నదని యెఱిగిన యధికారికి, చీటీ తన పేర రాకున్నచో అడుగు పెట్టు వీలు మిగులవలెను. రాత్రివేళ స్త్రీలు తమ యిష్టముతో పనిచేయుటకును ఈ కోడు అనుమతించుచున్నది. స్త్రీలకు జీవనోపాధి పెరుగుట మాకు సంతోషమే. రాత్రివేళ కర్మాగారమున సైరను మ్రోగునా, తలుపులు వెలుపలికి తెఱచుకొనునా యను ప్రశ్న నికమీదట మన యాడపిల్లల విషయముననే అడుగవలసియున్నది.

అడుగుటకు మనకు హక్కు గలదు. ఈ సంగతి చాలమంది యెఱుగరు. 1989 నాటి నిబంధనల ప్రకారము, పెద్ద ప్రమాదము కలుగదగిన కర్మాగారము చుట్టు నివసించువారికి, అక్కడ నేమి యపాయ మున్నదో, ప్రమాదము జరిగిన నేమి చేయవలెనో, ఏమి చేయరాదో, ముందుగనే తెలుపవలెను. కర్మాగారపు గోడ వెలుపలి జనుల రక్షణకు జిల్లా యధికారులు ఒక ప్రణాళిక వ్రాసి యుంచవలెను. ఏటికొకమారైనను దానిని అభ్యాసము చేసి చూపవలెను. వెంకటాపురమున ఇట్టి యభ్యాసము పొందిన గృహిణి యొక్కతె యుండిన, స్టైరీను ఆవిరి గాలికంటె బరువైనది, నేలబారున ప్రాకును, మేడపైకెక్కుట మేలు, పరుగెత్తవలసివచ్చిన గాలి వీచు దారిన గాక దానికి అడ్డముగ పోవలెను, మూతికి తడిగుడ్డ కట్టుకొనవలెను అని బిడ్డలకు చెప్పగలిగియుండును. అన్ని వాయువులకును ఇదే విధి యని చెప్పుటకు వీలులేదు. అందుచేతనే మన యూరి ప్రక్కనున్న దేదో మనకు ముందుగా తెలియవలెను.

ఊర మహిళామండలి యున్నచోట ఈ పని యొకరి తలపై వేసికొనక నలుగురు కలసి చేయవచ్చును. జిల్లా కలెక్టరు గారికిని, కర్మాగారముల తనిఖీశాఖకును, సమాచారహక్కు చట్టము క్రింద నొక దరఖాస్తు వ్రాయవలెను. మా యూరికి ఇన్ని మైళ్లలో ఏ యే కర్మాగారములలో ఏ యే రసాయనములు నిలువయున్నవి? వెలుపలి రక్షణప్రణాళిక నకలు నీయుడు. కడపటి యభ్యాసము ఏ తేదీన జరిగినది? కడపటి తనిఖీ ఎవరు, ఏ తేదీన, పగలా రాత్రియా చేసిరి? అందు కనబడిన లోపములు సవరింపబడినవా? సైరను ధ్వని యెట్లుండును? ఇంతకంటె పొడుగు వ్రాయనక్కఱలేదు. ఆంధ్రప్రదేశమున గ్రామస్థాయి కచ్చేరీలలో ఈ దరఖాస్తునకు రుసుము లేదు. మండలస్థాయిని 5 రూపాయలు, పై కచ్చేరీలలో 10 రూపాయలు. ముప్పది దినములలో జవాబు రావలెను. ప్రాణములకు సంబంధించిన సమాచారమైనచో 48 గంటలలోనే యీయవలెనని చట్టమున నున్నది. దరఖాస్తున ఆ మాట ప్రత్యేకముగ వ్రాయుట మఱవవలదు.